రెండు నిమిషాల గెడ్డ

పర్లాకిమిడిలో, దైతారి మహారాణా
కొమ్ముపని కొట్టు మీద మేడగది నా క్లాసు.
గేదె కొమ్ము వేడెక్కుతున్న వాసన
మెట్లెక్కి వచ్చి ముందు బెంచీలో కూర్చుంటుంది.
పిల్లలు ఆ తర్వాతే వస్తారు.

పదకొండు మంది. ఒక్క వెల్డరు తప్ప అంతా నర్సులు.
ఒడియాలో జోకులు, తెలుగులో బాకీలు,
కొండ దిగొచ్చిన వాళ్ళు తమలో తాము సవర.
నా గుమ్మం దాటాక మాత్రం
ఆ నోళ్ళన్నీ చెప్పులతో పాటు బయటే.
ఆ రూలు నేనే రాసి గోడకి అంటించాను.

హైస్కూల్లో చెప్పిన రోజుల్లో
ఒక్క పేజీ కథకి వారం పట్టేది నాకు.
ఒక మాట దగ్గర ఆగిపోయి
మీ ఇంట్లో దీన్నేమంటారు, మీ ఇంట్లో? అని
బెంచీ బెంచీకీ తిరిగి
గంట కొట్టినా వదిలేవాణ్ణి కాదు.
ఇప్పుడు ఆరు వారాల్లో ఒక బ్యాండు పెంచాలి.
పోస్టరు మీద అలాగే వేయించాను మరి.

అంచేత ఎత్తుగడలు చెబుతాను.
చిన్నమాట వద్దు, ఈ పొడుగుమాట వాడు, దానికి మార్కుంది.
గ్రాఫు ఎక్కితే ఈ నాలుగు క్రియలు,
దిగితే ఈ నాలుగు.
అభిప్రాయం లేదా? మరీ మంచిది,
అటూ ఇటూ చెప్పి మధ్యలో నిలబడు.
నిజమే చెప్పక్కర్లేదమ్మా,
ఎవరూ మీ ఊరొచ్చి చూడబోరు.

మార్చిలో ఓ మంగళవారం
లిబియా రైతాకి చీటీ వచ్చింది:
మీ ఇంటి దగ్గరి నీటి చోటు గురించి మాట్లాడండి.
ఆలోచనకి నిమిషం, మాటకి రెండు.
స్టాప్‌వాచీ నొక్కాను.

నేను కంఠతా పట్టించిన మొదటి వాక్యం
గుక్క తిప్పకుండా అప్పజెప్పి, ఆగింది.
గెడ్డని ఏమనాలి సార్?
నది కాదు. కాలవ కాదు.
ఎండల్లో ఉత్త రాళ్ళు, వానల్లో ఉత్త నోరు.
వాళ్ళమ్మయితే డా అంటుంది, నీళ్ళు, అంతే.
ఏదో ఒకటి అను, టైము పోతోంది, అన్నాను.

అప్పుడు తన ఇంగ్లీషులో మొదలెట్టింది.
జరిగిపోయినది జరుగుతున్నదానిలోకి జారిపోతూ.
అల్లం బస్తాలు. నడుం లోతు నీళ్ళు.
ముందు అమ్మ. వెనక పిన్ని, నెలలు నిండిన మనిషి.
నడుమ తాడు పట్టుకుని ఎనిమిదేళ్ళ తను.
పైన కొండల్లో వాన పడిన సంగతి
గెడ్డకి తెలుసు, మాకు తెలీదు, అంది.
ఆ వాక్యంలో క్రియ తప్పు.
అయినా వెల్డరు పెన్ను కింద పెట్టేశాడు.
పిన్ని నన్ను చూస్తోంది. చూసి, తాడు

బీప్.

అలవాటు చొప్పున తలూపాను.
తడబాట్లు నాలుగు. కాలాలు కలగాపులగం.
ముగింపు వాక్యం లేదు. ఆరు.
ఎర్రసిరాతో రాసి చేతికిచ్చాను.
కింద దైతారి కొమ్ముని మంట మీంచి తీసి
పట్టకారుతో కొంగ మెడ వంచుతున్నాడు.
పొద్దుట్నుంచీ అవే కొంగలు.

జూన్‌లో ఏడొచ్చింది లిబియాకి.
అసలు పరీక్షలో చెప్పింది పార్కులో చెరువు,
చుట్టూ బెంచీలు, బాతులు.
మనం తయారు చేసుకున్నదే సార్,
ఒక్క మాటా పోలేదు, అంటూ
ఛెనాపోడ పొట్లం బల్ల మీద పెట్టింది.

ఇద్దరమే ఉన్నాం. తెలుగులో అడిగాను:
ఆ తాడు ఏమైంది, లిబియా?

గోడ మీది రూలు వైపు చూసింది.
తర్వాత గడియారం వైపు.
ఇప్పుడెందుకు సార్ అది, అంది.
పరీక్ష అయిపోయింది కదా.

ఆ రాత్రి మహేంద్రతనయ వంతెన మీద
సైకిలాపి, తన వాక్యం పూర్తిచెయ్యబోయాను.
నీళ్ళు ఎక్కడానికి నాలుగు క్రియలున్నాయి నా దగ్గర.
తాడు దగ్గర ఒక్కటీ నిలబడలేదు.

గోడ మీది కాయితం ఇంకా తియ్యలేదు.
సోమవారం కొత్త బ్యాచి. పద్నాలుగు మంది.